దొన్నాఫుగాతాలో మాయమైన ఓటు

2024 ఆగస్టులో నటుడు అలాన్ దెలాన్, 2025 సెప్టెంబరులో నటి క్లాడియా కార్డినాలే కన్నుమూసినప్పుడు సినిమా ప్రేమికుల్లో చాలామంది ఒకే దృశ్యాన్ని తలచుకున్నారు. నిలువెత్తు అద్దాలు, వందల కొవ్వొత్తులు, తెల్లని గౌనులో ఒక పడుచుపిల్ల, ఆమెతో అడుగు కలిపి వాల్ట్జ్ ఆడుతున్న నెరిసిన చెంపల రాజావారు, పక్కన నిలబడి ఇద్దరినీ చూస్తున్న కాబోయే పెళ్లికొడుకు. లుకీనో విస్కోంతి 1963లో తీసిన ‘ఇల్ గట్టోపార్దో’ (చిరుత) సినిమా పేరు చెప్పగానే అందరికీ గుర్తుకొచ్చేది ఆ నృత్యమే. నాకూ ఆ దృశ్యమంటే ఇష్టమే. అయితే ఈ సినిమాను ఆరేడుసార్లు చూశాక, దాని ప్రాణం ఆ బంగారు గదిలో లేదనీ, ఎండకు మాడిన ఒక సిసిలీ కొండ మీద ఇద్దరు మనుషులు వేట తుపాకులు పక్కన పెట్టుకుని మాట్లాడుకునే సన్నివేశంలో ఉందనీ నాకు గట్టిగా అనిపిస్తోంది. ఆ ఇద్దరిలో ఒకరు సలీనా రాజావారు డాన్ ఫాబ్రిజియో. రెండోవాడు ఊరి చర్చిలో ఆర్గన్ వాయించే డాన్ చిచ్చో తుమెయో. అతని ఓటు గురించి చెప్పాలనే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

కథ 1860 మే నెలలో మొదలవుతుంది. ఆ నెల 11న, ఇటలీని ఏకం చేయాలని పోరాడుతున్న గరిబాల్దీ సుమారు వెయ్యిమంది ఎర్రచొక్కాల వాలంటీర్లతో మర్సాలా రేవులో దిగాడు. అప్పటికి సిసిలీ దీవి నేపుల్స్ నుంచి ఏలే బూర్బోన్ రాజుల చేతిలో ఉంది. పలెర్మో శివార్లలోని తమ మేడలో సలీనా కుటుంబమంతా మోకాళ్ల మీద కూర్చుని జపమాల తిప్పుతూ ఉంటుంది. గాలికి కిటికీ తెరలు ఎగిరెగిరి పడుతుంటాయి. బయట నౌకర్ల కేకలు మొదలవుతాయి. తోటలో ఒక సైనికుడి శవం దొరికింది. కేకలు పెరుగుతున్నా రాజావారు వెంటనే లేవరు. ఇంటి లోపలి మంత్రం, ఇంటి బయటి చావు ఒకేసారి చెవిన పడుతున్న ఆ కొద్ది నిమిషాల్లోనే ఈ ఇంటి పరిస్థితి ఏమిటో మనకు పూర్తిగా తెలిసిపోతుంది.

రాజావారి మేనల్లుడు తాంక్రెదీ (దెలాన్) చురుకైనవాడు, అందగాడు, చేతిలో చిల్లిగవ్వ లేనివాడు. అతను గరిబాల్దీ సేనలో చేరడానికి వెళ్తూ, మనం కూడా ఇందులో చేరకపోతే వాళ్లు గణతంత్రాన్ని తెచ్చి మన నెత్తిన పెడతారని, ఉన్నది ఉన్నట్టే నిలవాలంటే అన్నీ మారక తప్పదని మామకు చెప్తాడు. ఈ ఒక్క మాట సినిమా కన్నా, దానికి మూలమైన నవల కన్నా ఎక్కువ దూరం ప్రయాణించింది. రాజకీయ వ్యాసాల్లో, పత్రికల సంపాదకీయాల్లో దీన్ని ఒక లోకజ్ఞానం లాగా ఉదహరించడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ ఉదహరించడం మీదే నాకు అభ్యంతరం. ఆ మాట అన్నది తెలివైన, తొందరలో ఉన్న ఒక యువకుడు. అది తన ఎత్తుగడకు అతను చెప్పుకున్న సమర్థన. సినిమా మిగతా మూడు గంటలూ ఆ సమర్థనను పరీక్షకు పెడుతుంది. అన్నీ మారితే ఎవరిది నిలిచింది, దాని ఖర్చు ఎవరు భరించారు అని అడుగుతుంది. ఆ ఖర్చు భరించినవాళ్లలో మనకు పేరుతో సహా కనిపించేవాడు డాన్ చిచ్చో.

ఆ వేసవిలో కుటుంబం ఆనవాయితీగా తమ ఎస్టేటు ఊరైన దొన్నాఫుగాతాకు బయలుదేరుతుంది. దొన్నాఫుగాతా కల్పిత గ్రామం. విస్కోంతి ఆ భాగాన్ని పలెర్మోకు దక్షిణాన ఉన్న చిమ్మిన్నా అనే కొండ ఊరిలో తీశాడు. బళ్లు దిగీ దిగగానే, మొహాల మీద దారి దుమ్ము తుడుచుకోకుండానే అందరూ చర్చిలోకి నడుస్తారు. ప్రత్యేకమైన పీటల మీద వరసగా కూర్చున్న రాజకుటుంబం మొహాల మీదుగా కెమెరా మెల్లగా జరుగుతుంది. బట్టల మీద, కనుబొమల మీద, చెంపల మీద బూడిదరంగు ధూళి పేరుకుని ఉంటుంది. ఊపిరి తీస్తున్నారో లేదో తెలియదు. సమాధుల మీద చెక్కిన బొమ్మలు వరసగా కూర్చున్నట్టుంటుంది. పైన ఆర్గన్ వాయిస్తున్నవాడు మన డాన్ చిచ్చో. అతను వాయిస్తున్నది భక్తిగీతం కూడా కాదు, వెర్దీ ‘లా త్రావియాతా’ ఒపెరాలోని ప్రేమగీతం. దొరగారు ఊరికి వచ్చారన్న సంతోషంలో తనకు తెలిసిన అత్యంత అందమైన సంగీతాన్ని ఆ మనిషి వాయించాడు.

ఆ ఊళ్లో కొత్తగా బలిసినవాడు మేయరు డాన్ కలోజెరో సెదారా. పావొలో స్తోప్పా ఆ పాత్రలో బిగుతు కోటు సర్దుకుంటూ, గది గోడల మీది పూత ఎంత ధర పలుకుతుందో లెక్కగడుతున్నట్టున్న చూపుతో తిరుగుతాడు. భూములు కొంటూ, ధాన్యం అమ్ముకుంటూ అతని ఆదాయం రాజావారి ఆదాయానికి దగ్గరపడింది. అతని కూతురే ఆంజెలికా (కార్డినాలే). రాజావారి కూతురు కొంచెత్తా తాంక్రెదీ మీద మనసు పెట్టుకుందని తెలిసినా, పేద మేనల్లుడి భవిష్యత్తుకు కావలసింది డబ్బు కాబట్టి రాజావారు ఆంజెలికాతో సంబంధం కుదురుస్తారు. కన్నకూతురి మనసును పక్కన పెట్టడానికి ఆయనకు పెద్దగా సమయం పట్టదు. రీనా మోరెల్లి నటించిన రాణీగారు ఆ రాత్రి మంచం మీద ఏడ్చి గోల చేస్తే ఆయన గద్దించి ఊరుకోబెడతారు. అధికారం ఇంట్లో ఎలా నడుస్తుందో చెప్పడానికి ఆ ఒక్క గద్దింపు చాలు.

ఇక ఓటు సంగతి. సిసిలీ ఇటలీ రాజ్యంలో కలవాలా వద్దా అని 1860 అక్టోబరు 21న రెఫరెండం జరిగింది. దీవి మొత్తం మీద ‘ఔను’ అన్నవాళ్లు 4,32,053 మంది అనీ, ‘కాదు’ అన్నవాళ్లు 667 మంది అనీ ప్రకటించారు. నూట పాతికేళ్లుగా తనను ఏలిన వంశాన్ని దించే విషయంలో ఒక జనసమూహం ఇంత ఏకగ్రీవంగా ఉంటుందా అన్న ప్రశ్న ఆ అంకె చూడగానే పుడుతుంది. ఆ రెఫరెండం మనం ఎరిగిన రహస్య ఓటింగు లాంటిది కాదు. నేపుల్స్‌లో ‘ఔను’కు ఒక పాత్ర, ‘కాదు’కు ఒక పాత్ర విడివిడిగా, అందరూ చూసేలా పెట్టారు, ‘కాదు’ వైపు చెయ్యి చాపాలంటే నలుగురి చూపునూ దాటాలి. దొన్నాఫుగాతాలో ఆ రాత్రి మేయరు సెదారా ఫలితం చదువుతాడు: ఓటర్లు 515, ఓటు వేసినవారు 512, ‘ఔను’ 512, ‘కాదు’ సున్నా.

కొన్నాళ్ల తర్వాత వేటలో, నువ్వు ఏమని ఓటేశావని రాజావారు డాన్ చిచ్చోని అడుగుతారు. అతను ముందు జంకుతాడు. ఇది పరీక్షేమోనని అనుమానం. తర్వాత ఒక్కసారిగా లోపలిదంతా బయటపడుతుంది. తాను ‘కాదు’ అనే వేశాడు, నూరుసార్లు అడిగినా ‘కాదు’ అనే అంటాడు. తాను చదువుకుని ఆర్గన్ వాయించే ఉద్యోగం సంపాదించుకున్నది బూర్బోన్ రాజకుటుంబం చేసిన సాయం వల్ల. ఆ ఉప్పు తిన్నవాడిగా తన మనసులోని మాట చెప్పాడు. చెప్పిన మాటను ఊరి కచేరీలో కూర్చున్నవాళ్లు నమిలి మింగి, నలుపును తెలుపుగా మార్చి ప్రకటించారు. ఆ పాత్ర వేసిన సెర్జ్ రెజియానీ ఈ మాటలు చెప్పేటప్పుడు కోపంతో అతని గొంతు జీరబోతుంది. తన జీవితంలో మొదటిసారి ఎవరో తన అభిప్రాయం అడిగారు, అడిగినవాళ్లే దాన్ని దొంగిలించారు. అంతకుముందు రాజుల పాలనలో అతన్ని ఎవరూ అడగలేదు కాబట్టి అతనికి ఈ అవమానం తెలియదు. దీన్ని కొత్త ప్రభుత్వమే అతనికి మొదటి కానుకగా ఇచ్చింది. సినిమాకు మూలమైన నవల రాసిన లాంపెదూసా అందులో, ఆ రాత్రి ఇటలీ పుట్టిన చోటే నమ్మకం అనే పసిబిడ్డ గొంతు నులిమేశారన్న అర్థంలో రాశాడు.

డాన్ చిచ్చోని నేను వీరుడిగా నిలబెట్టడం లేదు. అతను ప్రజాస్వామ్యవాది కాదు. సెదారా వంశం గురించి ఈసడింపుగా మాట్లాడతాడు. ఆంజెలికాతో తాంక్రెదీ పెళ్లని వినగానే సలీనాల పరువు మంటగలిసిందని రాజావారి కన్నా ఎక్కువగా గగ్గోలు పెడతాడు. పుట్టుకను బట్టి మనుషుల్ని తూచే మనిషి. కానీ అతని ఓటు అతని భావాలు మంచివైతేనే లెక్కించాల్సినది కాదు కదా. వెనకబడిన ఆలోచన ఉన్న ఒక ముసలి ఆర్గన్ వాద్యకారుడి ‘కాదు’ను ‘కాదు’గా లెక్కించలేని రాజ్యం, రేపు రైతుల ‘కాదు’ను మాత్రం ఎలా లెక్కిస్తుంది? నవలలో ఇంకో ముక్క ఉంది. సంబంధం మాట బయటికి పొక్కకుండా ఉండాలని, సెదారాతో మాటలు ముగిసేదాకా రాజావారు డాన్ చిచ్చోని వేటకుక్కతో పాటు తుపాకుల గదిలో పెట్టి తాళం వేయిస్తారు. ఊళ్లో నిజం చెప్పిన మనిషి తలుపు వెనక ఉంటాడు. అతని ఓటు మార్చినవాడు హాల్లో దొరగారి ఎదుట కూర్చుని కట్నం లెక్కలు మాట్లాడతాడు.

ఈ సన్నివేశం నన్ను ఇంతగా పట్టుకోవడానికి ఇంటి కారణం ఒకటి ఉంది. మా తాతయ్యగారు కృష్ణా జిల్లాలో ఒక చిన్న జమీందారీ దివాణంలో గుమాస్తాగా పనిచేశారు. 1948లో మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టం వచ్చి దివాణం మూతపడ్డాక కూడా ఆయన ఆ గేటు ముందు నుంచి వెళ్లేటప్పుడు చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేవారట, నాయనమ్మ చెప్పేది. చిన్నతనంలో అది విని నాకు కోపం వచ్చేది, ఇప్పటికీ ఆ చెప్పులు తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. 1952 ఎన్నికల్లో అభ్యర్థికో పెట్టె చొప్పున గుర్తులు అంటించి, తెర చాటున పెట్టేవారు. తాతయ్యగారు లోపలికి వెళ్లి, వేసి, బయటికి వచ్చారు. ఎవరికి వేశారని ఇంట్లోవాళ్లు ఎన్నిసార్లు అడిగినా చనిపోయేదాకా చెప్పలేదు. దొరగారి మనిషికే వేశారేమో, వ్యతిరేకంగా వేశారేమో. ఏది వేసినా అది అలాగే లెక్కకు వచ్చింది. ఆ తెర విలువ ఏమిటో నాకు ఎన్నికల చరిత్ర పుస్తకాల కన్నా డాన్ చిచ్చో కళ్లు ఎక్కువ నేర్పాయి.

ఇప్పుడు రాజావారి దగ్గరికి వస్తాను. ఆయన్ను ఒక విషాద మహాపురుషుడిగా, కాలానికి తలవంచిన జ్ఞానిగా చూడడం అలవాటైపోయింది. బర్ట్ లాంకాస్టర్ నటన అందుకు కొంత కారణం. సర్కస్‌లో విన్యాసాలు చేసి సినిమాల్లోకి వచ్చిన ఆ నటుడు తన భారీ శరీరాన్ని ఇందులో ఎంత నిదానంగా కదుపుతాడంటే, ఒక చేతిరుమాలు మడిచినా అందులో ఏడెనిమిది తరాల దొరతనం కనిపిస్తుంది. ఇటాలియన్ వెర్షన్‌లో గొంతు వేరేవాళ్లదైనా సరే, నేను అదే చూడమంటాను; అమెరికాలో విడుదల చేసినప్పుడు ఇంగ్లీషులోకి డబ్ చేసి 161 నిమిషాలకు కత్తిరించారు, అందులో ఈ నిదానమంతా పోయింది. కానీ ఈ నటనకు మురిసిపోయి, ఆయన చేసిన పని ఏమిటో చూడడం మరచిపోకూడదు.

ప్యేద్మోంత్ ప్రాంతం నుంచి షెవాలే అనే అధికారి వచ్చి, కొత్త రాజ్యపు సెనేటులో చేరమని ఆయన్ను బతిమాలుతాడు. ఆ షెవాలే నిజాయితీగల మనిషి. ఈ దీవి కష్టాలు తీరాలంటే మీలాంటివాళ్లు రావాలని మనస్ఫూర్తిగా నమ్మి అడుగుతాడు. రాజావారు కాదంటారు. సిసిలీవాళ్లకు కావలసింది నిద్ర అనీ, వాళ్లను లేపడానికి వచ్చినవాళ్లను వాళ్లు ద్వేషిస్తారనీ, ఇరవై అయిదు వందల ఏళ్లుగా పరాయి నాగరికతల బరువు మోసి అలసిపోయామనీ, ఎండ ఇలాంటిదనీ, నేల ఇలాంటిదనీ ఎంతో అందంగా మాట్లాడతారు. ఆ ప్రసంగం విన్న ప్రతిసారీ నాకు దాని అందం నచ్చుతుంది, దాని మీద కోపమూ వస్తుంది. నిద్ర ఎవరిది? ఆ ఊరి రైతులు నిద్రపోయారా? గరిబాల్దీ 1860 జూన్ 2న ఇచ్చిన ఆజ్ఞలో, పోరాడినవాళ్లకు ఉమ్మడి భూముల్లో వాటా ఇస్తామన్న మాట విని, ఆగస్టులో ఎట్నా పర్వతం దిగువన బ్రోంతే పట్నంలో రైతులు తిరగబడ్డారు. ఊరి పెద్దల్లో పదహారుమంది హత్యకు గురయ్యారు. గరిబాల్దీ సేనాని నీనో బిక్సియో వచ్చి, హడావుడి విచారణ జరిపించి, ఆగస్టు 10న అయిదుగురిని కాల్చి చంపించాడు. నిద్రపోతున్న జనం చేసే పని కాదది, ఆ జనానికి దొరికిన జవాబూ నిద్రపుచ్చే జవాబు కాదు. రాజావారి ప్రసంగంలో ఈ జనం లేరు.

అంతకన్నా పెద్ద తప్పు ఆ తర్వాత జరుగుతుంది. తనకు బదులు సెనేటుకు ఆయన సిఫారసు చేసేది ఎవరిని? డాన్ కలోజెరో సెదారాని. దొన్నాఫుగాతాలో ఓట్లు ఎలా లెక్కించారో డాన్ చిచ్చో నోటి నుంచి స్వయంగా విన్న మనిషి, ఆ లెక్క రాసినవాణ్ని చట్టసభకు పంపమంటారు. మర్నాడు షెవాలేని సాగనంపుతూ, మేము చిరుతలం, సింహాలం, మా తర్వాత వచ్చేవి నక్కలు, హైనాలు అని నిట్టూరుస్తారు. ఆ నక్కకు తలుపు తీసింది తానేనని ఆయనకు తెలియదా? తెలుసు. తెలిసే నిట్టూరుస్తున్నారు కాబట్టే ఆ నిట్టూర్పు మీద నాకు జాలి కలగదు. అలా కలగకూడదనే విస్కోంతి ఆ సన్నివేశాన్ని బీద ఇళ్ల మధ్య, తెల్లవారుజామున బతుకు కోసం లేచిన మనుషుల మధ్య పెట్టాడని నా నమ్మకం.

విస్కోంతి ఈ వర్గాన్ని ముద్దు చేశాడని, కౌంటు బిరుదున్న దొర కాబట్టి దొరలాగే తీశాడని కొందరు అంటారు. ఆయన పుట్టింది నిజంగానే 1447 దాకా మిలాన్ నగరాన్ని ఏలిన వంశంలో. రాజకీయంగా కమ్యూనిస్టు. ఇదే సిసిలీకి వచ్చి, ఆచి త్రెజ్జా రేవులోని అసలు జాలరులను పెట్టి, వాళ్ల మాండలికంలోనే 1948లో విడుదలైన ‘లా తెర్రా త్రేమా’ తీశాడు. చేపలు పట్టేవాడి చేతికి చిల్లర కూడా దక్కని అప్పుల వలయాన్ని చూపించినవాడు, పదిహేనేళ్ల తర్వాత అదే దీవిలో పైఅంతస్తు తలుపు తెరిచాడు. ఆ రెండిటినీ కలిపి చూసినవాళ్లకు ఆయన ఎవరి వైపు నిలబడ్డాడో అనుమానం రాదు. నవల రాసిన జుసెప్పే తోమాసి ది లాంపెదూసా కూడా అలాంటి వంశంలో చివరి రాజావారే. పలెర్మోలో ఆయన పుట్టిన మహలును 1943 ఏప్రిల్‌లో మిత్రదేశాల విమానాలు బాంబులతో కూల్చేశాయి. ప్రచురణకర్తలు తిప్పి పంపిన రాతప్రతిని వదిలి ఆయన 1957లో చనిపోయాడు. మరుసటి ఏడు పుస్తకం వచ్చింది, 1959లో స్త్రేగా సాహిత్య బహుమతి దక్కింది. పోయినదాని మీద ఇద్దరికీ ప్రేమ ఉంది. ఆ ప్రేమ లెక్క తప్పేంత గుడ్డిది కాదు.

ఆ లెక్కలు తేలేది నృత్యం దగ్గరే. పలెర్మోలోని వల్గ్వార్నేరా గాంజి మహలులో, 1962 వేసవిలో, పగటి వేడికి తట్టుకోలేక రాత్రిళ్లు తీసిన ఆ ఘట్టం దాదాపు ముప్పావు గంట నడుస్తుంది. నీనో రోతా సంగీతం, అందులో వెర్దీ ఎప్పుడో పియానో కోసం రాసి వదిలేసిన ఒక వాల్ట్జ్. పియెరో తోసి కుట్టించిన బట్టలు, జుసెప్పే రోతున్నో పట్టిన వెలుగు. ఇంత సేపు ఎందుకు అని అడిగేవాళ్లకు నా జవాబు: చూసేవాడికి కూడా అలసట రావాలి. మొదటి పది నిమిషాలు కళ్లు చెదురుతాయి. తర్వాత మొహాల మీద చెమట, విసనకర్రల చప్పుడు, కరిగి వంగిన కొవ్వొత్తులు కనపడడం మొదలవుతుంది. ఒక గదిలో దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్ల ఫలితంగా పుట్టిన అమ్మాయిలు గుంపుగా ఎగురుతూ కిచకిచలాడుతుంటే రాజావారికి కోతులు గుర్తుకొస్తాయి. ఇంకో చిన్నగదిలో నిండిన మూత్రపాత్రలు నేల మీద వరసలు వరసలుగా పెట్టి ఉంటాయి. కెమెరా అక్కడ ఎక్కువసేపు నిలవదు, దాటవేయదు కూడా. రాజావారు అద్దంలో తన మొహం చూసుకుంటారు, కంట నీరు నిలుస్తుంది. ఆ కన్నీటిని నేను నమ్ముతాను. తన చావు దగ్గరపడిందని తెలిసిన మనిషి కన్నీరు అది.

అదే హాల్లో కల్నల్ పల్లవిచీనో చుట్టూ ఆడవాళ్లు మూగి ఉంటారు. 1862 ఆగస్టు 29న అస్ప్రోమోంతే దగ్గర కొత్త ఇటలీ రాజ్యపు సైన్యం గరిబాల్దీ మీదే కాల్పులు జరిపి గాయపరిచింది. ఆ సైన్యాన్ని నడిపించినవాడు ఇతనే. గాయపడిన గరిబాల్దీ ముందు తాను ఎంత భక్తితో వంగాడో వర్ణించి వర్ణించి చెప్తుంటాడు. రెండేళ్ల కిందట అదే గరిబాల్దీ కోసం ఎర్రచొక్కా తొడిగిన తాంక్రెదీ, ఇప్పుడు రాజసైన్యపు దుస్తుల్లో నుంచి బయటపడి నల్లకోటులో నిలబడి, సైన్యం వదిలి గరిబాల్దీతో చేరిన సైనికులను కాల్చేయడమే న్యాయమంటాడు. ఒకప్పుడు నువ్వు ఇలా మాట్లాడేవాడివి కావని కొంచెత్తా అంటుంది. సినిమా మొత్తం మీద తాంక్రెదీకి మొహం మీద నిజం చెప్పినది ఆమె ఒక్కతే. ఆమె మనసునూ ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు కాబట్టి ఆ మాట ఆమె నోటి నుంచి రావడం సరిపోయింది.

నవలలో కథ ఇక్కడ ఆగదు. 1883లో రాజావారు చనిపోతారు, 1910లో ముసలి కూతుళ్లు మిగులుతారు. విస్కోంతి ఆ రెండు భాగాలనూ వదిలేశాడు. దీన్ని లోపంగా చెప్పేవాళ్లున్నారు. రాజావారి మరణశయ్య చూపించి ఉంటే మన కన్నీళ్లన్నీ అక్కడికే పోయేవి. ఆయన బతికి ఉండగానే, విందు ముగిసిన తెల్లవారుజామునే కథ ఆపడం వల్ల, ఆ ఉదయం నిజంగా చనిపోతున్నది ఎవరో మనకు వినపడుతుంది. రాజావారు బండి వద్దని కాలినడకన బయలుదేరుతారు. చావుబతుకుల్లో ఉన్న ఎవరి ఇంటికో పూజారి పవిత్ర రొట్టె తీసుకుని వెళ్తుంటే వీధిలో మోకరిల్లుతారు. ఆకాశంలో ఇంకా మిగిలిన నక్షత్రాన్ని, నన్ను ఎప్పుడు పిలుస్తావని అడుగుతారు. తుపాకులు పేలిన చప్పుడు వినిపిస్తుంది. ఇంటికి పోతున్న బండిలో తాంక్రెదీ, అతని పక్కన ఆంజెలికా, ఎదురుగా సెదారా. మంచి సైన్యం, పని పట్టుగా చేస్తోంది, సిసిలీకి కావలసింది ఇదే అని సెదారా తృప్తిగా అంటాడు. వీధి చివర రాజావారు చీకటి సందులోకి నడిచి వెళ్లిపోతారు.